ఏ ఫ్రేమ్‌వర్క్ అని అడిగే ముందు



గోదావరిఖనిలో, యైటింక్లయిన్ కాలనీలో, సెంటినరీ కాలనీలో ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు ఒక మాట తరచుగా వినబడుతుంది. "బాపూ, రియాక్ట్ నేర్చుకోవాల్నా, యాంగ్యులర్ నేర్చుకోవాల్నా?" అడిగేది కొడుకో, బిడ్డో. వినేది రాత్రి షిఫ్టు చేసి అప్పుడే ఇంటికొచ్చిన తండ్రి. ఆయనకు ఆ రెండు పేర్లూ కొత్తే. కోచింగ్ ఫీజు కట్టాల్సింది మాత్రం ఆయనే. అందుకే ఇవాళ నేను చెప్పేది పిల్లలతో పాటు ఆ పెద్దవాళ్లు కూడా వినాలని నా కోరిక.

ఈ ప్రశ్న మన దగ్గర ఊరికే పుట్టలేదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవాళ్లు. ఇప్పుడు ఆ సంఖ్య నలభై వేల దరిదాపుల్లో ఉంది. బొగ్గు మాత్రం అప్పటికంటే ఎక్కువే వస్తోంది. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన చేతుల పని యంత్రాలకు పోయింది. కారుణ్య నియామకం కింద ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తే రావచ్చు. మిగతా పిల్లలు వేరే దారి చూసుకోవాలి. ఆ దారి చాలామందిని రామగుండం స్టేషన్‌లో రైలెక్కించి హైదరాబాద్ అమీర్‌పేటలో దింపుతుంది. మైత్రీవనం చుట్టూ ఉన్న బోర్డులు చూడండి. ఒకదాని మీద 'మీన్ స్టాక్', పక్కదాని మీద 'మెర్న్ స్టాక్'. ఒకదాంట్లో యాంగ్యులర్ ఉంటుంది, రెండోదాంట్లో రియాక్ట్ ఉంటుంది. మిగతా మూడు సరుకులూ రెండిట్లోనూ అవే. ఆ ఒక్క తేడా మీదే పిల్లల భవిష్యత్తు ఆధారపడి ఉందన్నట్టు కౌన్సెలర్లు మాట్లాడతారు. అంత లేదు. అయితే ఏమీ లేదని కూడా అనలేం.

ముందుగా రియాక్ట్, యాంగ్యులర్ లాంటి ఈ ఫ్రేమ్‌వర్క్‌లు ఏ పనికో చూద్దాం. ఫోన్‌లో మనం ఏ వెబ్‌సైటు తెరిచినా కంటికి కనబడే భాగం ఫ్రంట్ ఎండ్. ఎక్కడో సర్వర్‌లో ఉండి లెక్కలు చూసే భాగం బ్యాక్ ఎండ్. కనబడే భాగానికి బ్రౌజర్ అర్థం చేసుకునేవి మూడే ముఖ్యం. పేజీలో ఏమేం ఉండాలో హెచ్‌టీఎంఎల్ చెబుతుంది, అవి ఎలా కనబడాలో సీఎస్ఎస్ చెబుతుంది, నొక్కితే ఏం జరగాలో జావాస్క్రిప్ట్ చెబుతుంది. ఈ జావాస్క్రిప్ట్ తొలిరూపాన్ని 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేశాడు. ఆ తొందరపాటు ఫలితాన్ని ప్రోగ్రామర్లు ముప్పై ఏళ్లుగా అనుభవిస్తూనే ఉన్నారనుకోండి, ఆ సంగతి ఇంకోసారి.

మరి ఈ మూడూ ఉండగా ఫ్రేమ్‌వర్క్ ఎందుకు? ఒక మస్టర్ పేజీ, అంటే హాజరు పట్టీ, తయారుచేస్తున్నాం అనుకుందాం. మూడు వందల మంది పేర్లు, ఒక్కో పేరు ఎదురుగా షిఫ్టు. పైన ఏ షిఫ్టుకు ఎందరో లెక్క. కింద ఇవాళ నాగా పెట్టినవాళ్ల జాబితా. ఇప్పుడు రాజయ్యను మొదటి షిఫ్టు నుంచి రాత్రి షిఫ్టుకు మార్చారు. పేజీలో అతని వరుస మారాలి. మొదటి షిఫ్టు లెక్కలో ఒకటి తగ్గాలి. రాత్రి షిఫ్టు లెక్కలో ఒకటి పెరగాలి. అతను నాగా జాబితాలో ఉంటే అక్కడ కూడా షిఫ్టు దిద్దాలి. ఒక్క మార్పుకు నాలుగు చోట్ల పని. 2006లో జాన్ రెసిగ్ తెచ్చిన జేక్వెరీ ఆ నాలుగు చోట్లకూ వెళ్లి మార్చడాన్ని చాలా సులభం చేసింది. కాని ఎక్కడెక్కడికి వెళ్లాలో గుర్తుపెట్టుకోవాల్సింది మనమే. ఒకచోటు మరిచిపోతే పేజీ అబద్ధం చెబుతుంది. వరుసలో రాజయ్య రాత్రి షిఫ్టులో ఉంటాడు, లెక్కలో మొదటి షిఫ్టులోనే ఉంటాడు. జీతం బిల్లు ఆ లెక్కను బట్టి తయారైతే గొడవ ఎక్కడిదాకా పోతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

రియాక్ట్, యాంగ్యులర్, వ్యూ, ఈ అన్నిటి మూల సూత్రం ఇక్కడే ఉంది. సమాచారాన్ని ఒక్కచోట పెట్టుకో. దాన్ని బట్టి తెర ఎలా ఉండాలో ఒకసారి రాసిపెట్టు. ఆ తర్వాత రాజయ్య షిఫ్టును ఆ ఒక్కచోట మార్చు, తెర మీది నాలుగు చోట్లూ మార్చే బాధ్యత ఫ్రేమ్‌వర్క్‌ది. పేజీలో ఇలాంటి ముడులు రెండో మూడో ఉంటే చేత్తో రాసుకోవచ్చు. రెండు వందలుంటే చేత్తో రాసినవాడికి నిద్ర ఉండదు.

ఇక ఏది మంచిదన్న ప్రశ్నకు వద్దాం. ఈ ప్రశ్నకు జవాబు మన బొగ్గు బాయిల్లోనే ఉంది. మన దగ్గర బొగ్గు తీసే పద్ధతి ఒక్కటే లేదు. గ్యాలరీలు కొట్టి, మధ్యలో స్తంభాలు వదిలి తీసే బోర్డ్ అండ్ పిల్లర్ ఉంది. 1975లో రామగుండంలో ఓపెన్‌కాస్ట్ వచ్చింది. 1983లో గోదావరిఖనికి లాంగ్‌వాల్ వచ్చింది. 1989లో బ్లాస్టింగ్ గ్యాలరీ వచ్చింది. అడ్రియాల గనిలో 2014 నుంచి మరింత పెద్ద లాంగ్‌వాల్ యంత్రాలు దిగాయి. వీటిలో ఏ పద్ధతి గొప్పది అని ఓవర్‌మన్‌ను అడగండి, మిమ్మల్నే ఎదురడుగుతాడు. బొగ్గు సీమ్ ఎంత మందం? ఎంత లోతు? వాలు ఎంత? రూఫ్ ఎట్లుంది? ఫాల్టులు ఎన్ని తగులుతయి? వందల కోట్లు పోసి షియరర్, పవర్డ్ సపోర్టులు లాంటి లాంగ్‌వాల్ యంత్రాలు తెప్పించి ఫాల్టులతో తెగిపోయిన సీమ్‌లో దింపితే, బొగ్గు తీసిన రోజులకంటే యంత్రాలు మార్చిన రోజులే ఎక్కువవుతాయి. పద్ధతిని నిర్ణయించేది సీమ్. వెబ్ పనిలోనూ అంతే. ఏ పేజీ, ఎవరు వాడతారు, ఎంతమంది కలిసి కడతారు, అయిదేళ్ల తర్వాత ఎవరు మరమ్మతు చేస్తారు, ఈ నాలుగూ తేలాకే ఫ్రేమ్‌వర్క్ పేరు ఎత్తాలి.

ఆ నాలుగు ప్రశ్నలూ మనసులో ఉంచుకుని ఒక్కొక్కదాన్ని చూద్దాం.

యాంగ్యులర్ గూగుల్‌ది. 2010లో యాంగ్యులర్‌జేఎస్ పేరుతో వచ్చింది. కొద్ది ఏళ్లలోనే కంపెనీలు ఎగబడ్డాయి. పెద్ద పెద్ద ఆఫీసు పనులెన్నో దాంతో కట్టారు. 2016 సెప్టెంబర్‌లో గూగుల్ రెండో వెర్షన్ తెచ్చింది. పేరు దాదాపు అదే, లోపలి సరుకు మొత్తం వేరు. పాత దాంతో రాసిన ప్రోగ్రాములు కొత్త దాంట్లో నేరుగా నడవలేదు. తిరగరాసుకోవాల్సి వచ్చింది. పాత యాంగ్యులర్‌జేఎస్‌కు 2021 డిసెంబర్ 31తో గూగుల్ సెలవు చెప్పేసింది. ఆ అయిదేళ్లలో ఎన్ని బృందాలు రాత్రింబవళ్లు కూర్చుని పాత సరుకు మోసుకొచ్చాయో ఆ కాలంలో హైదరాబాద్‌లో పనిచేసినవాళ్లను అడిగితే చెబుతారు. అంత పెద్ద కంపెనీ వెనకుంటే భయం లేదనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

అయినా యాంగ్యులర్‌ను తక్కువ చేయను. పేజీల మధ్య తిరగడం, ఫారాలు, సర్వర్‌తో మాట్లాడటం, పరీక్షలు, అన్నీ దాంట్లోనే ఉంటాయి. మైక్రోసాఫ్ట్ 2012లో తెచ్చిన టైప్‌స్క్రిప్ట్‌లో రాయాలి, కాబట్టి చాలా తప్పులు పేజీ నడవకముందే బయటపడతాయి. నలభై మంది కలిసి ఒక బ్యాంకు అప్లికేషన్ కడుతుంటే అందరూ ఒకే తీరులో రాయడం పెద్ద వరం. ఒకరు మానేసి ఇంకొకరు వచ్చినా ఎక్కడ ఏముంటుందో తెలుస్తుంది. కాకపోతే ఆరు నెలలకో పెద్ద వెర్షన్ వస్తుంది, ఒక్కో వెర్షన్‌కు మద్దతు ఏడాదిన్నరే. పేజీ కట్టి ఇచ్చేసి చేతులు దులుపుకుందామంటే కుదరదు. దాన్ని ఎప్పటికప్పుడు పైకి తెచ్చే మనిషి ఉండాలి. పది మంది ఉన్న చిన్న ఆఫీసుకు అది మోయలేని బరువు.

రియాక్ట్ 2013 మే నెలలో బయటికొచ్చింది. ఫేస్‌బుక్‌లో జోర్డన్ వాక్ అనే ఇంజనీర్ తయారుచేశాడు. జావాస్క్రిప్ట్ మధ్యలో హెచ్‌టీఎంఎల్‌లాంటిది కలిపి రాయడమేమిటని మొదట్లో చాలామంది పెదవి విరిచారు. రెండు మూడేళ్లలో వాళ్లే దాంట్లో రాయడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా కనబడే పేరు ఇదే. కృత్రిమ మేధ సాయంతో కోడ్ రాయించుకునేవాళ్లు పేజీ కావాలని అడిగితే, ఏ ఫ్రేమ్‌వర్కో చెప్పకపోతే, ఆ పనిముట్లు కూడా ఎక్కువగా రియాక్ట్‌లోనే రాసిస్తున్నాయి. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, రియాక్ట్ తెర మీద చూపించే పని వరకే చేస్తుంది. పేజీల మధ్య తిరగడానికి ఒకటి, ఫారాలకు ఒకటి, సమాచారం తెచ్చుకోవడానికి ఒకటి మనమే ఏరుకోవాలి. అందువల్ల రెండు కంపెనీల రియాక్ట్ ప్రాజెక్టులు ఒకలా ఉండవు. "రియాక్ట్ వచ్చు" అని ఇంటర్వ్యూలో చెప్పిన పిల్లాడికి మొదటి రోజు ఆఫీసులో సగం పేర్లు కొత్తగా తగలడం ఇందుకే.

పాఠాల విషయంలో కూడా జాగ్రత్త. 2019 ఫిబ్రవరిలో హుక్స్ అనే పద్ధతి రియాక్ట్‌లోకి వచ్చాక రాసే తీరే మారిపోయింది. క్రియేట్ రియాక్ట్ యాప్ అనే పనిముట్టుతో మొదలుపెట్టమని చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో ఇప్పటికీ కుప్పలుగా ఉన్నాయి. దాన్ని ఇక వాడవద్దని రియాక్ట్ బృందమే 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. మీ ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి క్లాసు దాంతోనే మొదలైతే, ఆ మెటీరియల్ ఎప్పటిదో మీకు అర్థమైపోవాలి.

2017లో జరిగిన ఒక ముచ్చట చెప్తాను. అప్పట్లో రియాక్ట్ లైసెన్సులో పేటెంట్ల గురించి ఒక షరతు ఉండేది. ఫేస్‌బుక్ మీద పేటెంటు దావా వేస్తే హక్కు పోతుందన్న ధోరణిలో ఉండే షరతు అది. అపాచీ ఫౌండేషన్ తన ప్రాజెక్టుల్లో అలాంటి లైసెన్సు వద్దంది. సెప్టెంబర్‌లో వర్డ్‌ప్రెస్ స్థాపకుల్లో ఒకరైన మాట్ ముల్లెన్‌వెగ్ తాము రియాక్ట్ నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించాడు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో పెద్ద భాగం నడిచేది వర్డ్‌ప్రెస్ మీద. వారం దాటీ దాటగానే ఫేస్‌బుక్ దిగొచ్చి, ఆ పేటెంటు షరతు లేని ఎంఐటీ లైసెన్సుకు మారుతున్నట్టు చెప్పింది. వర్డ్‌ప్రెస్ మళ్లీ రియాక్ట్‌తోనే కొనసాగింది. ఫ్రేమ్‌వర్క్ ఎంచుకునేటప్పుడు లైసెన్సు కాగితం చదివే అలవాటు మన కాలేజీల్లో ఎవరికీ లేదు. చదవాలి. ఎంఐటీ లైసెన్సు అయితే ఒక పేజీ కూడా ఉండదు.

మూడోది వ్యూ. గూగుల్‌లో పనిచేసి బయటికొచ్చిన ఎవాన్ యూ దీన్ని 2014 ఫిబ్రవరిలో విడుదల చేశాడు. వెనక ఏ పెద్ద కంపెనీ లేదు. విరాళాలు, స్పాన్సర్లతో నడుస్తుంది. అందుకని దీన్ని చిన్నచూపు చూసేవాళ్లుంటారు. వాళ్లకు వికీపీడియా సంగతి చెప్పాలి. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ కూడా ఇదే ప్రశ్న ముందు పెట్టుకుంది, రియాక్టా, వ్యూనా అని. చాలాకాలం చర్చించి 2020లో వ్యూ వైపు మొగ్గింది. వాళ్ల సీమ్ ఎలాంటిదో చూడండి. వందల భాషలు. అందులో 2003లో మొదలైన మన తెలుగు వికీపీడియా కూడా ఒకటి. పాత ఫోన్లు, బలహీనమైన నెట్. జావాస్క్రిప్ట్ నడవకపోయినా వ్యాసం చదవగలగాలన్నది వాళ్ల నియమం. పనిచేసేవాళ్లలో జీతగాళ్లతో పాటు వేలమంది స్వచ్ఛంద కార్యకర్తలు. సర్వర్ తయారుచేసి పంపిన పాత పేజీని అలాగే ఉంచి, కావలసిన మూల మాత్రమే మార్చుకునే సౌకర్యం, పెద్ద తతంగం లేకుండా ఒక్క లైనుతో పేజీలో చేర్చుకునే సౌకర్యం వ్యూలో ఉంది. ఆ పనికి అది సరిపోయింది. దానికీ మార్పుల బాధ తప్పలేదు. రెండో వెర్షన్ గడువు 2023 డిసెంబర్ 31తో తీరింది, అందరూ మూడోదానికి మారాల్సి వచ్చింది.

స్వెల్ట్ అని ఇంకొకటి ఉంది. 2016లో రిచ్ హారిస్ తెచ్చాడు. ఫ్రేమ్‌వర్క్ పని చాలావరకు పేజీ తయారయ్యేటప్పుడే ముగించేస్తుంది కాబట్టి వాడేవాడి ఫోన్‌కు తక్కువ బరువు చేరుతుంది. నాకు ఇష్టమైనది. మన దగ్గర దాంట్లో ఉద్యోగాలు మాత్రం తక్కువ.

ఇప్పుడు అసలు విషయం. పేజీ ఎవరి ఫోన్‌లో తెరుచుకుంటుంది?

భూగర్భ గనిలోకి సెల్‌ఫోన్ తీసుకుపోనివ్వరు. మీథేన్ ఉండే చోటికి నిప్పురవ్వకు ఆస్కారమిచ్చే వస్తువు ఏదీ రాకూడదు. అందువల్ల మన కార్మికుడు ఫోన్ చూసేది షిఫ్టు దిగి, లాంప్ రూమ్‌లో దీపం అప్పజెప్పి, బయటికొచ్చాక. అది చాలాసార్లు మూడు నాలుగేళ్ల కిందట కొన్న తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్. మెమరీ నిండా వాట్సాప్ వీడియోలు. లాభాల వాటా ఎంత పడిందో, క్వార్టర్ల జాబితాలో పేరుందో లేదో చూసుకోవాలి. పేజీ గిరగిరా తిరుగుతూ ఉంటే ఆయన నెట్‌ను తిడతాడు. తప్పు చాలాసార్లు నెట్‌ది కాదు, పేజీది.

ఎందుకంటే వంద కేబీల ఫోటో వేరు, వంద కేబీల జావాస్క్రిప్ట్ వేరు. ఫోటో దిగితే పెద్దగా శ్రమ లేకుండా తెర మీదికొస్తుంది. జావాస్క్రిప్ట్ దిగాక ఫోన్‌లోని ప్రాసెసర్ దాన్ని చదివి, అర్థం చేసుకుని, నడపాలి. ప్రోగ్రామర్ చేతిలోని లక్ష రూపాయల ల్యాప్‌టాప్‌లో అది రెప్పపాటు. ఏడెనిమిది వేల ఫోన్‌లో కొన్ని సెకన్లు. నెట్‌ఫ్లిక్స్ అంతటి కంపెనీ 2017లో, లాగిన్ కాకముందు కనబడే మొదటి పేజీలో, వాడేవాళ్ల బ్రౌజర్‌కు రియాక్ట్ పంపడం మానేసింది. సర్వర్‌లో మాత్రం రియాక్ట్‌నే ఉంచుకుంది. పేజీ వాడకానికి సిద్ధమయ్యే సమయం సగానికి తగ్గిందని వాళ్ల ఇంజనీర్లే చెప్పారు. అమెరికాలో, అంత మంచి నెట్‌లో ఉన్నవాళ్లే అలా లెక్కలేసుకుంటే, గోదావరిఖని చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డ మనిషికి పేజీ కట్టేవాళ్లు ఇంకెంత లెక్కలేసుకోవాలి!

జాబితా చూపించడానికి, నోటీసు పెట్టడానికి, షాపు చిరునామా, ఫోన్ నంబరు చెప్పడానికి ఏ ఫ్రేమ్‌వర్కూ అక్కర్లేదు. లక్ష్మీనగర్‌లో బట్టల షాపుకు సైటు కావాలంటే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ చాలు, లేదా వర్డ్‌ప్రెస్ చాలు. అలాంటి పనికి రియాక్ట్ వాడి బిల్లు పెంచే కుర్రాళ్లను నేను చూశాను. షాపాయన ఒక ధర మార్చాలన్నా మళ్లీ వాళ్లకే ఫోన్ చేయాలి. మస్టర్ పేజీలాంటిది, గంటకోసారి మారే లెక్కలతో ఉండేది, పదిమంది ఒకేసారి దిద్దేది అయితే అప్పుడు ఫ్రేమ్‌వర్క్ పెట్టండి.

తెలుగు సంగతి కూడా చెప్పాలి. ఏ ఫ్రేమ్‌వర్క్ ఎంచుకున్నా తెలుగు దానంతట అది సరిగా రాదు. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచి చేసిన బటన్‌లో 'దరఖాస్తు' అని రాసి చూడండి. కింది ఒత్తు తెగిపోతుంది. పేర్ల గడిలో ఇంకో చిక్కు ఉంది. వెంకటలక్ష్మి అన్న పేరు మన కంటికి అయిదు అక్షరాలు. జావాస్క్రిప్ట్ గుణింతాన్నీ సున్నానూ పొల్లునూ విడివిడిగా లెక్కపెట్టి పన్నెండు అంటుంది. పది అక్షరాలకు మించకూడదని గడికి హద్దు పెట్టారంటే ఆమె పేరు 'వెంకటలక్ష్' దగ్గర తెగి నిలబడుతుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లు ఆగిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆపిల్ ఆ నెలలోనే సరిదిద్దింది. ఇవన్నీ ఫ్రేమ్‌వర్క్ కింద ఉండే పొరల్లోని విషయాలు. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ గట్టిగా తెలిసినవాడే వీటిని పట్టుకోగలడు. మరోవైపు, లక్ష రూపాయలను 1,00,000 అని మన పద్ధతిలో చూపించే సౌకర్యం బ్రౌజర్‌లోనే సిద్ధంగా ఉంది, దాని కోసం ఏ లైబ్రరీ తేనక్కర్లేదు. అది తెలియక బయటి నుంచి తెచ్చి పెట్టుకునేవాళ్లే ఎక్కువ.

బయటి నుంచి తెచ్చుకోవడం గురించి రెండు ముక్కలు. ఫ్రేమ్‌వర్క్‌తో కట్టే ప్రాజెక్టు సాధారణంగా తనతో వందలాది చిన్న చిన్న ప్యాకేజీలను తెస్తుంది. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని దాని రచయిత కోపంతో తీసేస్తే, ప్రపంచమంతా ఎన్నో పెద్ద ప్రాజెక్టులు తయారుకాకుండా నిలిచిపోయాయి. 2025 డిసెంబర్‌లో రియాక్ట్‌లో సర్వర్ మీద నడిచే భాగమైన సర్వర్ కాంపొనెంట్స్‌లో ఒక భద్రతా లోపం బయటపడింది. ప్రమాద తీవ్రతలో పదికి పది వేశారు. లాగిన్ అక్కర్లేకుండానే బయటివాళ్లు సర్వర్‌లో తమ కోడ్ నడపగలిగేంతటి లోపం. వెంటనే సరిదిద్దిన వెర్షన్లు వచ్చాయి. వాటిని ఆ పూటే ఎక్కించే మనిషి ఉన్న ఆఫీసు బయటపడింది. ఎవరు కట్టారో, ఎక్కడ ఉందో కూడా తెలియని సైట్లు అలాగే ఉండిపోతాయి. అయిదేళ్ల తర్వాత మరమ్మతు ఎవరు చేస్తారన్న ప్రశ్నను నేను ముందే పెట్టింది అందుకు.

ఇక ఉద్యోగం మాట. పిల్లలకు కావాల్సింది అదే కదా. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. హైదరాబాద్‌లో కొత్తవాళ్లకు ఎక్కువ అవకాశాలు రియాక్ట్‌లో ఉన్నాయి. పెద్ద సర్వీసు కంపెనీల బ్యాంకు, ఇన్సూరెన్స్ ప్రాజెక్టుల్లో యాంగ్యులర్ కూడా గట్టిగానే ఉంది. ఈ రెండిట్లో ఏదో ఒకటి చాలు. రెండూ ఒకేసారి నేర్చుకోవద్దు. ఒకటి లోతుగా తెలిస్తే రెండోది ఒకటి రెండు నెలల పని, ఎందుకంటే నేను చెప్పిన మస్టర్ సూత్రం రెండిట్లోనూ ఒకటే. అయితే ఫ్రేమ్‌వర్క్ ముట్టుకోకముందు మూడు నాలుగు నెలలు వట్టి హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్‌తో గడపాలి. ఇది ఎవరికీ నచ్చని మాట. రెజ్యూమెలో రాసుకోవడానికి బాగుండదు. కాని ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకు తడబడేవాళ్లంతా ఆ మూడు నాలుగు నెలలు దాటవేసినవాళ్లే. యాంగ్యులర్‌జేఎస్ పోయినప్పుడు, రియాక్ట్ తీరు మారినప్పుడు, నిలబడ్డవాళ్లు కింది మూడూ తెలిసినవాళ్లే.

సెంటినరీ కాలనీ దగ్గర జేఎన్‌టీయూ మంథని కాలేజీలో చదివే పిల్లలు, గోదావరిఖనిలో డిగ్రీ పిల్లలు, ఒక పని చేయండి. నేను చెప్పిన మస్టర్ పేజీని ముందు ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా కట్టండి. నాలుగు చోట్ల మార్చడంలో ఉన్న బాధ చేతులారా పడండి. తర్వాత దాన్నే రియాక్ట్‌లో కట్టండి. రెండిటినీ మీ బాపు ఫోన్‌లో తెరిచి చూడండి, మీ ఫోన్‌లో కాదు. ఏది ముందు తెరుచుకుంది, పేరు ఎక్కడ తెగింది, వేలితో నొక్కితే ఏ బటన్ అందలేదు, రాసుకోండి. ఏ ఇంటర్వ్యూలోనైనా ఆ కాగితం మీకు సర్టిఫికెట్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

అన్నలారా, అక్కలారా, మీకు ఒక్క మాట. ఫీజు కట్టే ముందు ఇన్‌స్టిట్యూట్‌వాళ్లను ఒక ప్రశ్న అడగండి. మొదటి మూడు నాలుగు నెలలు ఫ్రేమ్‌వర్క్ లేకుండా మా పిల్లలతో పేజీలు కట్టిస్తారా? కట్టిస్తామంటే, పోయిన బ్యాచ్ పిల్లలు కట్టినవి మీ ఫోన్‌లో తెరిచి చూపించమనండి. నీళ్లు నమిలితే డబ్బు కట్టకండి, పక్క బోర్డు దగ్గరికి వెళ్లండి.